క్యారెక్టర్ల దగ్గరికి పిల్లల్ని ఎట్ల తీస్కపోవాలె? హాంకాంగ్ డిస్నీలాండ్ పోతున్నం, జర చెప్పున్రి

హన్మకొండ అమ్మ:

అందరికి నమస్తే. దసరా సెలవులల్ల హాంకాంగ్ పోతున్నం, నేను, మా ఆయన, అత్తమ్మ, బాబుకు ఎనిమిదేండ్లు, పాపకు నాలుగు నిండి రెండు నెలలైతుంది. టికెట్లు, హోటల్, ఆ ఆన్‌లైన్ల రిజిస్ట్రేషన్ అన్నీ అయిపోయినయ్. నా డౌట్ రైడ్ల గురించి కాదు, మిక్కీ, ఎల్సా వేషాలు వేసుకొని ఫొటోలకు నిలబడతరు కదా, వాళ్ళ దగ్గర ఎట్ల మెసులుకోవాలె అని.

ఎందుకు అడుగుతున్న అంటే, మొన్న ఫిబ్రవరిల మా చుట్టాల బాబు బర్త్‌డే అయింది, ఫంక్షన్ హాల్ల గేటు కాడ టెడ్డీ వేషం వేసిన పిలగాడిని పెట్టిన్రు. మా పాప దాన్ని చూసుడుతోనే నా చీర కుచ్చిళ్ళల్ల మొఖం దాసుకుంది. నేను వద్దు వద్దు అంటనే ఉన్న, ఎవరో చుట్టం పాపను గుంజుకొని టెడ్డీ చేతులల్ల పెట్టి ఫొటో దిగు ఫొటో దిగు అన్నరు, పాప శ్వాస ఆడనట్టు ఏడ్చింది, ఆ రాత్రి రెండుసార్లు ఉలికిపడి లేసింది. ఇంకోదిక్కు మా బాబు, వాని సోపతిగాళ్ళు కలిసి ఆ టెడ్డీ తోక గుంజుడు, కడుపుల గుద్దుడు. ఒకసారి గట్టిగ గుద్దితే ఆ పిలగాడు ముందుకు వంగిండు, రెండు చేతులతోని తలకాయ ఊడిపోకుండ పట్టుకున్నడు, నేను అది చూసిన. చుట్టూ అందరు నవ్విన్రు. నేను ఆ రోజు బాబును ఏం అనలే, అది నాకు ఇప్పటికీ మనసుల ముల్లు లెక్క ఉన్నది.

ఇగ అక్కడ పోయినంక పాప భయపడితే ఏం చెయ్యాలె, బాబుకు ముందుగాల ఏం చెప్పాలె, వాళ్ళకు పైసలు గిట్ల ఇస్తరా, మా అత్తమ్మకు ఎవరన్న అందంగ కనవడితే బుగ్గలు నిమిరి మెటికలు ఇరిసే అలవాటు, అది ఆ ఎల్సా అమ్మాయికి చేస్తే తప్పు పడతరా. పోయొచ్చినోళ్ళు ఉంటే చెప్పున్రి.

కరీంనగర్ రెండు పిల్లల తల్లి:

చెల్లె, మేము హాంకాంగ్ సుత పోయినం, అంతకుముందు సింగపూర్ సెంటోసాల యూనివర్సల్ సుత చూసినం, నాకు తెలిసింది చెప్తా.

ముందు ఒకటి అర్థం చేస్కోవాలె, క్యారెక్టర్లు రెండు రకాలు. మిక్కీ, గూఫీ, డఫీ ఎలుగుబంటి లాంటి బొచ్చు వేషాలు అస్సలు మాట్లాడవ్, అంతా చేతులతోని, తలకాయ ఊపుడుతోనే. రాకుమార్తెల లెక్క మొఖం కనవడే వాళ్ళు మాట్లాడతరు. ఇది పిల్లలకు ఇంట్లనే చెప్పి పెట్టున్రి, లేకుంటె మిక్కీ నాతోని మాట్లాడలే, కోపమొచ్చిందేమో అని పాప అనుకుంటది, మా చిన్నోడు అట్లనే చిన్నబోయిండు. మిక్కీని అడిగేది ఏదన్నా ఉంటే అవును కాదు అని తలకాయ ఊపేటట్టు అడగమను, నీకు చీజ్ ఇష్టమా, నా బ్యాగు మంచిగున్నదా, ఇట్ల. తెలుగుల అడిగినా ఏం గాదు, పాప చెయ్యి చూపిస్తే వాళ్ళకు అర్థమైతది.

లైన్ల సంగతి. మనదిక్కు ఒక్కలు నిలబడి, నంబర్ రాంగనే పదిమంది ఉరికొస్తం కదా, అక్కడ అది చెయ్యొద్దు, ఎనుకున్నోళ్ళ పిల్లలు గంట సేపటి నుంచి ఎండల నిలబడి ఉంటరు. బాత్రూం పోయేటోళ్ళు ముందుగాల్నే పోయి రావాలె. లైన్ చివరన ఒక స్టాఫ్ మనిషి ఉంటది, ఇగ బంద్ అంటే బంద్, ఆమెతోని కొట్లాడి లాభం లేదు, ఎందుకంటే లోపల వేషం వేసుకున్న మనిషి ఎండకు అంతసేపు ఉండలేరు, కొద్దిసేపటికోసారి లోపలికి పోయి నీళ్ళు తాగి వస్తరు. వాన పడ్డా బొచ్చు వేషాలు లోపలికి పోతయ్. టైములు పార్కు యాప్‌ల చూపిస్తది, పొద్దుగాల గేటు తెరవంగనే పోతే లైన్ తక్కువ.

మీ వంతు వచ్చినప్పుడు ఫోన్ జేబుల నుంచి తీసి కెమెరా తెరిచి పెట్టుకోవాలె. అక్కడ నిలబడ్డంక మా ఆయన పాస్‌వర్డ్ కొట్టుకుంట కూసున్నడు, వచ్చిన రెండు నిమిషాలల్ల ఒక నిమిషం దానికే పోయింది. పార్కు ఫొటోగ్రాఫర్ ఉంటే వాళ్ళు తీస్తరు, అది కొనుడు కొనకపోవుడు మన ఇష్టం, మన ఫోన్ల తీయమన్నా తీస్తరు. సెల్ఫీ కర్రలు మాత్రం తీస్కపోవద్దు, 2015 నుంచే డిస్నీ పార్కులల్ల బంద్ చేసిన్రు.

పైసలు ఇయ్యొద్దు చెల్లె, వాళ్ళు తీసుకోరు, మనం చేతుల పెట్టబోతే వాళ్ళనే ఇబ్బంది పెట్టినట్టు. సకినాలు, స్వీట్లు సుత వద్దు. పాప ఒక బొమ్మ గీసుకొని పోయి చూపిస్తే చాలు, మా పెద్దది మిన్నీ బొమ్మ గీసుకపోయింది, మిన్నీ ఆ కాయితాన్ని గుండెకు అదుముకున్నది, అది మా ఇంట్ల ఇప్పటికీ చెప్పుకుంటరు.

మీ అత్తమ్మ ముచ్చట, బుగ్గలు నిమురుడు మాత్రం వద్దనే చెప్పున్రి, మొఖానికి మేకప్ ఉంటది, విగ్గు ఉంటది, ఆ అమ్మాయి పనిల ఉన్నది, ముట్టుకొమ్మని ఆమె చెప్పలే కదా. దూరంగ నిలబడి మెటికలు ఇరిస్తే ఏం గాదు. మా అమ్మ రెండు చేతులు జోడించి దండం పెడితే ఆ అమ్మాయి సుత వంగి దండం పెట్టింది, ఫొటో అదే అందరికంటె మంచిగ వచ్చింది. మగోళ్ళకు సుత చెప్పాలె, మీ ఆయనని కాదు, అందరికి అంటున్న, రాకుమార్తె పక్కన నిలబడంగనే నడుము మీద చెయ్యి వేసేటోళ్ళని నేను కండ్లార చూసిన, వాళ్ళ ఇంటోళ్ళు పక్కనే ఉండి ఏం అనరు. చేతులు మన దగ్గర మనం పెట్టుకుంటె సాలు.

ఆటోగ్రాఫ్ బుక్ కొంటే లావు మార్కర్ పెన్ను కొనున్రి, ఆ బొచ్చు గ్లౌజులతోని సన్న పెన్ను పట్టరాదు. బుక్కుల ఖాళీ పేజీ తెరిచి, మూత తీసి ఇయ్యాలె.

కాజీపేట తమ్ముడు:

అక్కా, నేను డిగ్రీ చదివేటప్పుడు రెండేండ్లు గదే పని చేసిన, హన్మకొండ, కాజీపేట, జనగామ దిక్కు బర్త్‌డేలకు, షాపు ఓపెనింగులకు, టెడ్డీ, మిక్కీ వేషం. ఫంక్షన్‌కు ఆరు వందలు ఇస్తుండె. డిస్నీలాండ్ల పనిచేసే వాళ్ళకు ట్రైనింగ్ ఉంటది, పక్కన మనిషి ఉంటడు, మాకు అవేం లేకుండె, కాని లోపల ఉండే మనిషికి కనవడేది వినవడేది మాత్రం ఒక్క తీరే ఉంటదని అనుకుంటున్న, అందుకే రాస్తున్న.

టెడ్డీ కండ్లు ఉత్త ప్లాస్టిక్ గోలీలు అక్కా, వాటిల నుంచి ఏం కనవడది. నాకు దారి కనవడేది టెడ్డీ నోటి కాడ ఉండే నల్ల జాలి, అంటే వల లాంటి గుడ్డ నుంచి, అది నా అరచేయంత ఉంటది. అంటే ఎదురుంగ ఉన్న పెద్దోళ్ళ ఛాతీ కాడికి కనవడతది, కింద చిన్న పిల్లలు ఉంటె అస్సలు కనవడరు. ఒకసారి నేను తిరుగుతుంటే నా మోకాలు తాకి ఒక పాప కిందపడ్డది, నాకు పడ్డట్టు సుత తెల్వదు, వాళ్ళ నాన్న వచ్చి నా భుజం పట్టి ఊపితే తెలిసింది. అందుకే పిల్లల్ని పక్క నుంచో ఎనుక నుంచో ఎప్పుడు తీసుకరావద్దు, ఎదురుంగ, నాలుగైదు అడుగుల దూరం నుంచి, చెయ్యి ఊపుకుంట రావాలె. అప్పుడు నాకు సుత కనవడతది, నేను మోకాళ్ళ మీద కూసుంట, పాప మొఖం నా జాలికి ఎదురుంగ వస్తది. చిన్న పిల్లలతోని కలిసుడు అంటే అది, నిలబడి ఉన్న టెడ్డీ కాళ్ళ కాడికి పిల్లను తోసుడు కాదు.

వినికిడి సుత అంతే, లోపల స్పంజి, బయట డీజే, పిల్లలు ఏమంటున్నరో సగం తెల్వది. తలకాయ బరువు మెడ మీద పడతది, గడ్డం కింద ఒక బెల్టు ఉంటది, ఎవడన్న తల మీద కొడితే ఆ బెల్టు గొంతుకు కోసుకుంటది. మీ బాబు గుద్దిన రోజు ఆ పిలగాడు తలకాయ పట్టుకున్నడు అన్నరు కదా, అది అందుకే. ఊడిపోతే పిల్లల ముంగట వాని మొఖం బయటపడతది, ఓనర్ పైసలు కట్ చేస్తడు, అది వేరే బుగులు. మే నెలల మన వరంగల్ ఎండ 43, 44 ఉంటది, ఒకసారి ఓపెనింగ్ కాడ రోడ్డు మీద మూడు గంటలు నిలబెట్టిన్రు, నీళ్ళు తాగాలంటె తలకాయ తీయాలె, తీయొద్దు అంటరు. ఆ రోజు నాకు కండ్లు తిరిగి గోడకు ఆనుకొని కూసున్న, ఇద్దరు పిల్లలు వచ్చి లే లే అని కాలుతోని తన్నిన్రు, వాళ్ళు చెడ్డ పిల్లలు కాదు అక్కా, లోపల మనిషి ఉన్నడని వాళ్ళకు ఎవరు చెప్పలే.

మీ బాబుకు ఎనిమిదేండ్లు అంటున్నరు కదా, వానికి నిజం చెప్పున్రి. లోపల ఒక అన్ననో అక్కనో ఉంటది, ఆమెకు కనవడది, ఉడకపోస్తది, నువ్వు మెల్లగ పోయి హైఫై ఇస్తే సంబురపడతది అని చెప్పున్రి. చెల్లె ముంగట మాత్రం ఆ ముచ్చట తీయొద్దు అని వానికి ఒక పెద్దరికం అప్పజెప్పున్రి. పెద్ద పిల్లలకు ఆ రహస్యం దాచే పని ఇస్తే మస్తు బుద్ధిగ ఉంటరు, నేను చాలామందిని చూసిన.

మంచిర్యాల నాన్న:

అందరు చెప్పింది బాగానే ఉంది, కాని నాది వేరే మాట. అంత దూరం లక్షలు పెట్టి పోతున్నరు, పాప భయపడుతుందని దూరంగ నిలబెడితే ఇగ ఆ భయం ఎన్నడు పోతది? మా పెద్ద కొడుకు సుత కుక్క అంటే భయపడితే మా నాన్న వాని చెయ్యి పట్టి కుక్క మీద పెట్టించిండు, వారం రోజులల్ల పోయింది. ఒక్కసారి దగ్గరికి తీసుకపోతే ఏం కాదని తెలుస్తది. రేపు పెద్దగైనంక ఫొటో లేదే అని పాపనే అడుగుతది.

జగిత్యాల టీచరమ్మ:

అన్నా, మీ నాన్నగారు చెయ్యి పట్టి ఉన్నడు కాబట్టి మీ బాబుకు ధైర్యం వచ్చింది, కాని ఆ పాపకు ఫిబ్రవరిల జరిగింది అది కాదు కదా, అమ్మ చేతులల్ల నుంచి గుంజుకొని పోయి ఇంకొకరి చేతులల్ల పెట్టిన్రు. ఆ రెండు ఒకటి కాదు.

నేను చిన్నపిల్లల బడిల ఇరవై ఏండ్ల నుంచి చెప్తున్న. మూడు నాలుగేండ్ల పిల్లలకు వేషం అంటే మనకు తెలిసినట్టు తెల్వది. 1969ల రేటా డెవ్రీస్ అనే ఆమె ఒక పరిశోధన అచ్చు వేసింది, మేనార్డ్ అనే పిల్లిని పిల్లలకు చూపించి, ముట్టుకోనిచ్చి, తర్వాత దాని మొఖానికి కుక్క మాస్క్ పెట్టింది, తోక దిక్కు పిల్లల కండ్ల ముంగటనే ఉన్నది, దాసిపెట్టలే. ఆరేండ్ల పిల్లలు ఇది మాస్క్ పెట్టుకున్న పిల్లే అన్నరు. మూడేండ్లోళ్ళల్ల చాలామంది ఇప్పుడు ఇది కుక్క అయింది అన్నరు. అంటే మన పాప నాలుగేండ్ల దగ్గర ఉన్నది, ఆమెకు లోపల మనిషి ఉన్నడు, భయమేమి లేదు అని ఎంత చెప్పినా తలకెక్కది, ఆమె కండ్లకు అది ఆరడుగుల ఎలుగుబంటే. భయపడుడు మొండితనం కాదు, ఆ వయసుకు ఉండే బుద్ధి అట్లనే ఉంటది.

నేను మా బడిల గణేశ్ ఉత్సవాలప్పుడు పెద్ద తలకాయల బొమ్మలు వస్తే ఎట్ల చేస్తనో చెప్తా. ముందు రోజే ఫొటోలు చూపిస్త. తర్వాత పిల్లలు ఎంత దూరం నుంచి చూడాలనో వాళ్ళనే చెప్పమంట, తలుపు కాడ నుంచి అంటే తలుపు కాడ నుంచే. చెయ్యి ఊపుడు సుత కలిసినట్టే లెక్క. హత్తుకోవాలె, ముద్దు ఇయ్యాలె అని ఎవ్వరిని బలవంతం చెయ్య. ఇంట్ల మనం పిల్లలకు చెప్తం, నీకు ఇష్టం లేకుండ ఎవరన్న ముట్టుకుంటె వద్దు అని గట్టిగ చెప్పు అని. మళ్ళ మనమే ఎత్తుకపోయి తెలియనోళ్ళ ఒళ్ళ కూసోబెడితే ఆ పిల్ల ఏ మాట నమ్మాలె? నాకు ఇది చిన్న విషయం అనిపించది.

అక్కడ లైన్ల నిలబడ్డంక పాప వద్దంటె, అమ్మ ఎత్తుకొని పక్కకు నిలబడుడు, అన్న ఒక్కడే పోయి ఫొటో దిగుడు, అంతే. అన్న హైఫై ఇచ్చుడు చూసినంక పాప తనంతట తనే దిగి నడుస్తది చాలాసార్లు. నడవకున్నా మంచిదే.

నర్సంపేట పెద్దాయన:

అమ్మా, నేను ఏ హాంకాంగ్ పోలే. కాని మా చిన్నప్పుడు పంటలు ఇంటికొచ్చినంక మా ఊరికి పగటివేషగాళ్ళు వచ్చేటోళ్ళు, నాలుగైదు రోజులు ఉండి రోజుకొక్క వేషం. శక్తి వేషం వచ్చిన రోజు నాలుక బయటికి, చేతుల కత్తి, మేము పోరగాళ్ళం గడంచె కిందికి దూరేటోళ్ళం. మా నాయినమ్మ ఒక్కనాడు సుత బయటికి రా అని గుంజలే. ఆమె గడప మీద కూసునేది, మమ్ముల ఎనుక పెట్టుకొని, తన భుజం మీద నుంచి చూడమనేది. వేషం వాకిట్లనే ఉండాలె, మేము గడప లోపల ఉండాలె, నడుమ నాయినమ్మ. రెండో రోజు మేము గడప మీదికి వచ్చినం, మూడో రోజు వాకిట్లకు. వేషాన్ని ముట్టుకునుడు మాత్రం ఎవ్వరికి లేకుండె, పెద్దోళ్ళకు సుత, అది వేషం ఉన్నంతసేపు దేవతనే.

కడాఖరు రోజు రంగు లేకుండ మామూలు అంగీ ధోతితోని వచ్చేటోళ్ళు సంభావన అడగనీకి, అప్పుడు నాయినమ్మ చాటల బియ్యం పోసి, కూసోబెట్టి మంచినీళ్ళు ఇచ్చి, బిడ్డా నిన్న నువ్వే కదా శక్తివి, మా పోరగాండ్లు బుగులు పడ్డరు అని మాట్లాడించేది. అప్పుడు మేము చూసినం, సన్నగ, అలిసిపోయిన మనిషి, మెడ మీద ఇంకా కొంచెం పసుపురంగు మిగిలి ఉన్నది. ఆ రోజు నుంచి నాకు ఏ వేషం చూసినా ఆ మెడ యాదికొస్తది.

కాజీపేట తమ్మీ, నువ్వు రాసింది చదివిన. మనదిక్కు ఫంక్షన్లు చేసేటోళ్ళకు నేనొకటి చెప్తున్న, టెడ్డీ పిలగాడిని పిలిస్తే ఒక రూం, ఒక కూలర్, ఒక నీళ్ళ క్యాన్ ముందుగాల్నే చూడున్రి, అరగంటకోసారి లోపలికి పంపున్రి, పిల్లలతోని కలిసి అన్నం పెట్టున్రి. గిట్ల చేస్తే మీ కార్యం ఏం తక్కువ కాదు.

మంచిర్యాల నాన్న:

టీచరమ్మా, ఆ గుంజుకపోయిన ముచ్చట నేను సరిగ చదవలే, అది తప్పే. ఫొటో మీద నా మాట మాత్రం మార్చుకోను, పాపది కాకున్నా వాళ్ళ అన్న ఫొటో అయినా తప్పకుండ తీయించున్రి. పెద్దాయనా, మా ఊర్ల పీర్ల పండుగకు పులివేషాలు వచ్చేటియ్, మీ మాటతోని అవి యాదికొచ్చినయ్, మా అమ్మ సుత నన్ను భుజం ఎనుకనే పెట్టుకునేది.

హన్మకొండ అమ్మ:

అందరికి మస్తు థ్యాంక్స్, ఒక్కొక్కటి రెండుసార్లు చదివిన, అత్తమ్మకు చదివి వినిపించిన. బుగ్గల ముచ్చటకు ఆమె నవ్వలే, అట్లనా, పనిల ఉన్న పిల్లనా, అయితె దండమే పెడత అన్నది.

తమ్మీ, నిన్న రాత్రి పాప పడుకున్నంక బాబును వరండల కూసోబెట్టుకొని నువ్వు రాసింది, నోట్ల జాలి, గడ్డం కింద బెల్టు, అంతా చెప్పిన. వాడు చాలాసేపు ఏం మాట్లాడలే. ఆ రోజు ఆ అన్నకు గొంతుకు తాకిందా అమ్మా అని అడిగిండు. తెల్వది బిడ్డా, తాకే ఉంటది అన్న. వానికి కండ్ల నీళ్ళు వచ్చినయ్, నేను సుత ఆ రోజు నిన్ను ఆపలే, నాది సుత తప్పే అని చెప్పిన. పొద్దున లేసి వాడే అడిగిండు, ఆ టెడ్డీ అన్న ఎక్కడుంటడు అని. మా చుట్టాలకు ఫోన్ చేసి నంబర్ అడిగినం, ఇస్తమన్నరు, చూడాలె.

పాపకు ఇవ్వాళ్టి నుంచి మొదలుపెట్టినం. మా తమ్ముడు తలకు దిండు గలేబు తగిలించుకొని వాకిట్ల నిలబడ్డడు, ముందు పాప కండ్ల ముంగటనే వేసుకున్నడు, మళ్ళ తీసిండు, మళ్ళ వేసుకున్నడు. నేను పెద్దాయన చెప్పినట్టు గడప మీద కూసున్న. పాప నా భుజం పట్టుకొని చూసింది, దగ్గరికి పోలే, ఒక్కసారి చెయ్యి ఊపింది, అంతే, లోపలికి ఉరికింది. రేపు మళ్ళ చేయాలె మామ అని పొద్దుమూకినంక ఆమెనే అడిగింది.

కరీంనగర్ అక్కా, లావు మార్కర్ హన్మకొండ చౌరస్తా కాడ స్టేషనరీ షాపుల దొరికింది, నల్లది ఒకటి, నీలం ఒకటి తీసుకున్న. హోటల్ నుంచి పార్కుకు సన్నీ బే స్టేషన్ల రైలు మారాలె అంటున్నరు, స్ట్రోలర్ తీస్కపోనిస్తరా ఆ రైలుల?

కరీంనగర్ రెండు పిల్లల తల్లి:

తీస్కపోనిస్తరు చెల్లె, లిఫ్టులు ఉంటయ్. ఆ రైలు కిటికీలు మిక్కీ తలకాయ ఆకారంల ఉంటయ్, పాపను కిటికీ పక్కకు కూసోబెట్టున్రి, మొదటి మిక్కీని అక్కడనే అద్దం ఎనుక నుంచి చూస్తది.